గిటారు బృందాల కొత్త రికార్డులు – సమీక్షకుడు అడగవలసిన ప్రశ్నలు

బ్రిటన్‌లో ఒక యువ గిటారు బృందం కొత్త రికార్డు విడుదల చేసిందంటే, సమీక్షకులు తరచు రెండే పనులు చేస్తారు. ఈ తరానికి ఇదే గొప్ప బృందమని పట్టం కట్టడం ఒకటి. ఇదంతా పాతవాళ్ళు ఎప్పుడో వాయించేశారని పెదవి విరవడం రెండోది. మొదటిది ప్రకటన, రెండోది విసుగు. రెండూ విమర్శ కావు. మరి విమర్శ ఏం చేయాలి?

ముందుగా 'ఇండీ' అన్న మాటనే పరిశీలించాలి. ఇవాళ అది ఒక రకం గిటారు ధ్వనికి పేరు. పుట్టినప్పుడు మాత్రం అది రికార్డు ఎవరి డబ్బుతో తయారై, ఎవరి చేతుల మీదుగా శ్రోతను చేరుతున్నదో చెప్పే పేరు. 1977 జనవరిలో మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ బృందం సుమారు 500 పౌండ్లు అప్పు తెచ్చి, నాలుగు పాటల 'స్పైరల్ స్క్రాచ్' రికార్డును సొంతంగా తెచ్చింది. లండన్‌లో 1976లో దుకాణంగా మొదలైన రఫ్ ట్రేడ్ 1978లో తానే రికార్డులు తేవడం ప్రారంభించింది. 1980లో మొదలైన ఇండీ అమ్మకాల జాబితాలో చోటుకు ధ్వనితో నిమిత్తం లేదు. పంపిణీ పెద్ద కంపెనీల చేతిలో లేకపోతే చాలు. 1986లో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ వారపత్రిక 22 బృందాలతో 'సి86' అనే క్యాసెట్టు వెలువరించాక ఆ మాట క్రమంగా ధ్వని వైపు జరిగింది. 1992లో క్రియేషన్ సంస్థలో దాదాపు సగం వాటా సోనీ కొన్నది. పేరు మిగిలింది, అర్థం మారింది.

కనుక మొదటి ప్రశ్న: ఈ రికార్డు వెనుక ఎవరున్నారు? 2024లో మెర్క్యురీ బహుమతి పొందిన లీడ్స్ బృందం ఇంగ్లిష్ టీచర్ రికార్డును తెచ్చిన ఐలాండ్ సంస్థ యూనివర్సల్ కంపెనీలో భాగం. అంతమాత్రాన ఆ పాటలు చెడ్డవి కావు. కంపెనీ పేరు చూసి తీర్పు చెప్పకూడదు. ఆ పేరు దాచిపెట్టి ఇండీ అని మెచ్చుకోనూ కూడదు.

రెండవ ప్రశ్న గొంతుకు సంబంధించినది. ఈ గొంతు ఎక్కడిది? 2006లో షెఫీల్డ్ కుర్రవాళ్ళు ఆర్కిటిక్ మంకీస్ తమ తొలి ఆల్బమ్‌ను తమ ఊరి యాసలోనే పాడారు. ఆ ఆల్బమ్ పేరు అలన్ సిల్లిటో 1958 నవల నుంచి వచ్చింది. నాటింగ్‌హామ్ సైకిళ్ళ ఫ్యాక్టరీ కార్మికుడి కథ అది. పాటల్లో ఉన్నది శనివారం రాత్రి, క్లబ్బు గుమ్మం, టాక్సీ ప్రయాణం. వ్యావహారిక భాష కోసం పోరాడిన సాహిత్యం చదువుకున్న మనకు యాస అలంకారం కాదని వేరే చెప్పనక్కరలేదు. ఎవరి జీవితం పాటకు అర్హమో యాస తేల్చి చెబుతుంది.

మూడవది వస్తు రూపాల ప్రశ్న. ఇక్కడ పొరపడేది ఎక్కువగా మనబోటి వాళ్ళమే. పాటలో నినాదం ఉందా అని వెదికి, దొరికితే మార్కులు వేస్తాం. లీడ్స్‌కే చెందిన యార్డ్ యాక్ట్ 2020లో తెచ్చిన 'ఫిక్సర్ అప్పర్' పాటలో మాట్లాడేది రెండో ఇల్లు కొన్నానని గొప్పలు పోయే మనిషి. పాత్రను కవి అనుకుంటే పాట తలకిందులవుతుంది. 2021లో డ్రై క్లీనింగ్ ఆల్బమ్‌లో ఫ్లారెన్స్ షా చాలా వరకు పాడదు, మాట్లాడుతుంది. మాటలు ఎక్కడెక్కడివో తునకలు. చుట్టూ గిటారు ఉద్రేకపడుతున్నా ఆమె గొంతు చలించదు. అర్థం ఆ ఎడంలో ఉంది. సాహిత్యం మాత్రమే కాగితం మీద రాసుకుని చదివే సమీక్షకుడికి అది దొరకదు. గిటారు ఏం చేస్తోంది, డ్రమ్ములు ఎక్కడ ఆగాయి, గొంతు దేనికి ఎదురు నడిచింది అన్నవి కూడా వస్తువులో భాగాలే.

చివరిది పరిస్థితుల ప్రశ్న. మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్క ప్రకారం 2023 ఒక్క ఏడాదిలోనే 125 చిన్న వేదికలు సంగీత ప్రదర్శనలకు దూరమయ్యాయి. కొత్త బృందం తప్పులు చేసి నేర్చుకునే చోట్లు అవే. తెలియని కుర్రవాళ్ళ రికార్డులను బి.బి.సి.లో వినిపించిన జాన్ పీల్ 2004లో మరణించాడు. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ వారపత్రిక అచ్చు 2018లో ఆగింది. వాయించే చోటు, వినిపించే గొంతు, రాసే పుట తగ్గిపోతున్నప్పుడు మిగిలిన సమీక్షకుడి మాటకు బరువు పెరుగుతుంది. తొందరపాటు పొగడ్త ఒక బృందాన్ని రెండో రికార్డు నాటికే పాతబరుస్తుంది. తొందరపాటు తిరస్కారం ఆ రెండో రికార్డునే రానివ్వకపోవచ్చు.

తొలి రికార్డు తుదితీర్పు కోరదు. ఏం విన్నామో స్పష్టంగా చెప్పి, ఎందుకు అలా ఉందో వివరించి, ఎక్కడ తడబడిందో కారణంతో చూపితే ఆ కుర్రవాళ్ళకూ శ్రోతకూ మేలు. యువకవి మొదటి సంపుటి మన చేతికి వచ్చినప్పుడు కూడా ఇంతకంటే వేరే పని మనకు లేదు.