దొర్లింపు పీపాలో రాళ్లు ఏల పగులును?

ఏటిలోని గులకరాయి నునుపు ఒకనాటిది కాదు. ఏండ్ల తరబడి ఇసుకతోను, నీటితోను, తోడి రాళ్లతోను రాచుకొనగా వచ్చినది. ఏరు చేయు ఆ పనిని నెల దినములలో చేయు చిన్న రబ్బరు పీపా యొకటి గలదు. అందులో రాళ్లు, నీరు, గరుకుపొడి పోసి, మూత బిగించి, విద్యుచ్ఛక్తితో రేయింబవళ్లు మెల్లగా దొర్లింతురు. అనంతగిరి ప్రాంతమున నా పూర్వశిష్యు డొకడు అట్టి పీపాను కొని, శీతకాలమున బొఱ్ఱా గుహలను చూడవచ్చు యాత్రికులకు నున్నని రాళ్లు అమ్మి కుటుంబమును పోషించుకొనుచున్నాడు.

గత కార్తికమున నేనచటికి పోగా అతడు దిగులుగా నుండెను. ముప్పది రాళ్లు పోయగా పదునాలుగు పగిలినవట. యాత్రికులు వచ్చు కాలము దగ్గరపడినది. "మాస్టారూ, ఈ యంత్రమే మంచిది కాదు. వచ్చిన ధరకు అమ్మివేసెదను" అనెను. "రోగిని చూడక మందును నిందింతువా? పగిలిన రాళ్లను తెమ్ము" అంటిని. అరుగుమీద గోనె పఱచి, ఒక్కొక్క దానిని ఎండలో త్రిప్పి చూచితిమి. పగుళ్లన్నియు ఒక తీరున లేవు.

అయిదింటి పగులు లోపల తుప్పురంగు మఱక యుండెను. క్రొత్తగా పగిలిన రాతిలో మఱక యుండదు. బీటలోనికి ఏండ్లకొలది నీరు దిగిననే ఆ రంగు పట్టును. కనుక అవి పీపాలో పడకమునుపే పగిలిన రాళ్లు. వానిలో నాలుగు ఎఱ్ఱని గార్నెట్టులు. ఈ కొండల రాతికి 1902లో వాకర్ అను శాస్త్రజ్ఞుడు ఖోండు జాతివారి పేరు మీదుగా ఖోండలైటు అని పేరిడెను. దానిలో గార్నెట్టు విరివిగా నుండును గాని, భూగర్భపు ఒత్తిడికి లోనైనది గావున తఱచుగా లోలోపల బీటలు వాఱియుండును. రత్నపరీక్షా గ్రంథములు రేఖ, బిందువు, కాకపదము అని దోషములను ముందుగా ఎన్నుట ఊరక కాదు. బీటను పట్టుకొనుటకు సులభమైన ఉపాయ మున్నది. రాయిని నీట ముంచి తీసి ఎండలో నుంచవలెను. పైభాగమంతయు ఆరినను బీటలో తడి నల్లని గీతవలె నిలుచును.

మఱి మూడు తెల్లరాళ్లు అద్దమువలె చదునుగా చీలినవి. అవి ఫెల్డుస్పారు. ఆ జాతి రాతికి పుట్టుకతోనే చీలుబాటు పొరలుండును. దెబ్బ తగిలిన ఆ పొరవెంటనే విచ్చును. 1812లో మోస్ అను నతడు ఏర్పఱచిన కాఠిన్యపు లెక్కలో పలుగురాయి 7, ఫెల్డుస్పారు 6, కాల్సైటు 3. మెత్తని రాతిని గట్టి రాతితో కలిపి దొర్లించిన మెత్తనిది అరిగి బురదయగును. సున్నపురాతి జాతియంతయు ఇట్టిదే. (గుహలలోని రాతిని మాత్రము ఎవ్వరును ముట్టరాదు.)

రెండు పలుగురాళ్లలో సాలెగూటివంటి సన్నని పగుళ్లు. ఇవి నన్ను తికమక పెట్టినవి. అడుగగా, చలి వణికించు తెల్లవారుజామున బురద వదలుటకు మఱగిన నీరు పోసితినని ఒప్పుకొనెను. చల్లని రాతిపై సలసల కాగిన నీరు పడినచో వెలుపలి పొర వ్యాకోచించును. లోపలిది అట్లే యుండును. పగులక ఏమగును?

ఇక మిగిలిన నాలుగింటి అంచులయందు నెలవంకవంటి పెచ్చులు లేచినవి. ఇది రాయి రాతిని కొట్టిన గుఱుతు, నిజముగా పీపాకు సంబంధించిన తప్పు. పీపా మూడింట రెండు పాళ్లకు తక్కువ గాకుండ, నాలుగింట మూడు పాళ్లకు మించకుండ నిండియుండవలెను. అప్పుడు పైవరుస రాళ్లు ఒకదానిపై నొకటి జాఱును. సగమే యున్న పైకెక్కి దభాలున పడును. "నేను నిండుగానే పోసితిని" అని అతడు వాదించెను. మొదటి వారమున నిజమే. కాని ముతక పొడితో రాళ్లు చాల అరుగును. పగిలినవానిని ఏఱివేయగా ఇంకను తగ్గును. మూడవ వారమునకు పీపా సగమునకు దిగినది, అతడు చూచుకొనలేదు. మెఱుగుపెట్టు దశకు చేరిన రాళ్లలో పచ్చి రాళ్లు కలుపరాదు. పింగాణి గుళికలో, ప్లాస్టిక్ పూసలో పోసి నింపవలెను. చిన్నవి లేక అన్నియు పెద్దరాళ్లే యైనను, పీపా మితిమీఱిన వేగముతో తిరిగినను ఈ పెచ్చులే లేచును. మెఱుగు దశలో ఒక్క పెచ్చు ఊడి మిగిలినచో తక్కిన రాళ్లన్నింటిని గీకివేయును. కనుక దశ మారినప్పుడెల్ల పీపాను, రాళ్లను గోరువెచ్చని నీటితో కడుగవలెను. ఆ బురదను తూములో పోయరాదు; సిమెంటువలె గట్టిపడును.

యంత్రమును అమ్మలేదు. తడిపి, ఎండలో చూచి, ఏఱిన ముప్పదిరెండు రాళ్లను మార్గశిరమున మరల పోసెను. మూడు పగిలినవి. రెండింటిలో తుప్పుమఱక కనబడినది. మా కన్నులే మోసపోయినవి. మూడవదానిని గుఱించి మా గురుశిష్యులకు ఇంకను వాదము తెగలేదు.