సబ్‌వూఫర్ కనెక్షన్ – మన పదో తరగతి పాఠం



పదో తరగతి భౌతికశాస్త్రంలో విద్యుత్ పాఠం మనందరం చదివిందే. ఓమ్ నియమం, శ్రేణి సంధానం, సమాంతర సంధానం. నాలుగు మార్కుల ప్రశ్న అని బట్టీపట్టి, పరీక్ష కాగానే మరచిపోతాం. ఆ పాఠం మీదే బజారులో ఎంతోమంది బతుకుతున్నారని మనకు ఎవరూ చెప్పరు. వేసవి సెలవుల్లో కారు డెకరేషన్ షాపుల్లో, ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర హెల్పర్లుగా చేరేవాళ్ళు మన హాస్టల్ నుంచి ప్రతి ఏడూ ఉంటారు. వాళ్ళకు పనిలో ఉపయోగపడేలా, మిగతావాళ్ళకు పాఠం అర్థమయ్యేలా, కారులో సబ్‌వూఫర్‌ను యాంప్లిఫయర్‌కు ఎలా కలపాలో ఈ వార్షికోత్సవ సంచికలో వివరిస్తున్నాము.

సబ్‌వూఫర్ ఎందుకు? యాంప్లిఫయర్ ఎందుకు?

మన చెవి 20 హెర్ట్జ్‌ల నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. అందులో సుమారు 100 హెర్ట్జ్‌ల కంటే తక్కువ పౌనఃపున్యం గల శబ్దాలను పలికించేదే సబ్‌వూఫర్. పాటలో గుండె మీద తట్టినట్టుండే ‘దబ్ దబ్’ శబ్దం దానిదే. ఇంత తక్కువ పౌనఃపున్యంలో గట్టిగా వినిపించాలంటే ఎక్కువ గాలిని కదపాలి. అందుకే దాని కోన్ 8, 10, 12 అంగుళాల వెడల్పు ఉంటుంది.

డ్యాష్‌బోర్డులోని స్టీరియో దీన్ని నడపలేదు. కారు బ్యాటరీ 12 వోల్టులది. ఇంజన్ నడుస్తున్నప్పుడు దాదాపు 14 వోల్టులు ఉంటుంది. ఆ వోల్టేజితో 4 ఓమ్‌ల స్పీకరుకు నికరంగా 20 వాట్లు అందడమే గొప్ప. యాంప్లిఫయర్ లోపలి సర్క్యూట్ మొదట ఈ 12 వోల్టులను పెంచుకుంటుంది. ఆ తరువాతే వందల వాట్లు ఇవ్వగలుగుతుంది.

ఓమ్ నియమం ఇక్కడే పనికొస్తుంది

ఈ నియమాన్ని 1827లో ప్రచురించిన జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీలో తాళాలు చేసే కార్మికుని కొడుకు. బడిలో పాఠాలు చెప్పుకుంటూ, ప్రయోగ పరికరాలను తానే తయారు చేసుకున్నాడు. మొదట అక్కడి పండితులు పెద్దగా పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లే పతకం ఇచ్చింది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా చూస్తున్న మాలాంటి వాళ్ళం గుర్తు పెట్టుకోవలసిన పేరు ఇది.

స్పీకరుకు ఉండే అవరోధాన్ని ఓమ్‌లలో చెబుతారు. యాంప్లిఫయర్ 20 వోల్టులు ఇస్తోందనుకుందాం. 4 ఓమ్‌ల స్పీకరులో 5 ఆంపియర్లు పారుతాయి, సామర్థ్యం 100 వాట్లు. 2 ఓమ్‌లు అయితే 10 ఆంపియర్లు, 200 వాట్లు. 1 ఓమ్ అయితే 20 ఆంపియర్లు, 400 వాట్లు. ఓమ్‌లు తగ్గేకొద్దీ శబ్దం పెరుగుతుంది, యాంప్లిఫయర్ మీద బరువూ పెరుగుతుంది. అందుకే ప్రతి యాంప్లిఫయర్ మీదా అది ఎన్ని ఓమ్‌ల వరకు తట్టుకుంటుందో రాసి ఉంటుంది. అంతకంటే తక్కువ ఓమ్‌లు కలిపితే అది వేడెక్కి ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది.

రెండు కాయిల్స్ ఉంటే లెక్క ఎలా?

చాలా సబ్‌వూఫర్లలో రెండు వాయిస్ కాయిల్స్ ఉంటాయి. ఒక్కొక్కటి 4 ఓమ్‌లు అనుకుందాం. ఒక కాయిల్ మైనస్‌ను రెండో కాయిల్ ప్లస్‌కు కలిపితే శ్రేణి: 4 + 4 = 8 ఓమ్‌లు. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే సమాంతరం: 2 ఓమ్‌లు.

ఇలాంటివే రెండు సబ్‌వూఫర్లు ఉంటే మొత్తం నాలుగు కాయిల్స్:
– నాలుగూ సమాంతరంగా కలిపితే 1 ఓమ్
– నాలుగూ శ్రేణిలో కలిపితే 16 ఓమ్‌లు
– ఒక్కో సబ్‌వూఫర్ కాయిల్స్‌ను శ్రేణిలో కలిపి (8), ఆ రెండింటినీ సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు

చూశారా, 2 ఓమ్‌లు ఎక్కడా రాలేదు. యాంప్లిఫయర్ 2 ఓమ్‌ల దగ్గర పూర్తి సామర్థ్యం ఇచ్చేదయితే ఈ జంట దానికి సరిపోదు. 2 ఓమ్‌ల కాయిల్స్ రెండేసి ఉన్న సబ్‌వూఫర్లు తీసుకుని, ఒక్కోదాన్ని శ్రేణిలో (4), రెండింటినీ సమాంతరంగా కలిపితే సరిగ్గా 2 ఓమ్‌లు వస్తాయి. కాబట్టి లెక్క కొనేముందే వేయాలి.

మాకు తెలిసిన ఒక కుర్రాడు సెలవుల్లో ఒక షాపులో చేరాడు. 2 ఓమ్‌ల వరకే తట్టుకునే యాంప్లిఫయర్‌కు నాలుగు కాయిల్స్ సమాంతరంగా కలిపేశాడు. కొద్దిసేపటికే అది కాలిపోయింది. యజమాని అతని నెల జీతం పట్టుకున్నాడు. ఆ డబ్బు కాలేజీ ఫీజు కోసం దాచుకుంటున్నది. అతనికి సమాంతర సంధానం తెలియక కాదు, పరీక్షలో ఆ లెక్క తప్పు లేకుండా చేసినవాడే. తన చేతిలోని తీగ ఆ లెక్కేనని అతనికి తట్టలేదు. చెప్పేవాళ్ళూ లేరు. ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం అదే.

ఒక సూచన. ఓమ్‌లు తెలియకపోతే మల్టీమీటరుతో కొలవండి. 4 ఓమ్‌ల కాయిల్ మీటరులో 3.2 నుంచి 3.7 వరకు చూపిస్తుంది. అది లోపం కాదు. మీటరు చూపేది నిరోధాన్ని మాత్రమే, అవరోధాన్ని కాదు.

పవర్ తీగ, ఫ్యూజు

500 వాట్ల యాంప్లిఫయర్ నూటికి 80 వంతుల దక్షతతో పనిచేస్తే బ్యాటరీ నుంచి 625 వాట్లు తీసుకుంటుంది. 14 వోల్టులతో భాగిస్తే దాదాపు 45 ఆంపియర్లు. ఇంటి వైరింగులో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 5 మీటర్లు వేస్తే దాని నిరోధం 0.034 ఓమ్‌లు. చూడడానికి సున్నాలాగే ఉంది. కాని 45 ఆంపియర్లు పారితే ఒకటిన్నర వోల్టులు తీగలోనే పోతాయి, దాదాపు 69 వాట్ల వేడి పుడుతుంది. కార్పెట్ కింద, పెట్రోలుతో నడిచే బండిలో! అదే 21 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే వేడి 8 వాట్లే. చౌకగా దొరికే కొన్ని కిట్లలో పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉంటుంది. దాని నిరోధం ఎక్కువ కనుక ఇంకా లావు తీగ కావాలి.

ఫ్యూజును బ్యాటరీ ప్లస్‌కు 45 సెంటీమీటర్ల లోపే పెట్టాలి. ఫ్యూజు యాంప్లిఫయర్‌ను కాపాడడానికని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కాపాడేది తీగను. తీగ తొడుగు ఎక్కడైనా ఒరుసుకుపోయి కారు బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు పంపిస్తుంది. ఫ్యూజు డిక్కీ దగ్గర ఉంటే మధ్యలో ఉన్న తీగంతా మండుతుంది. కాబట్టి ఫ్యూజు విలువ తీగ భరించగలిగే దానికి మించకూడదు. పోయిన ఫ్యూజుకు రాగి పోగు చుట్టడం ప్రాణాలతో చెలగాటం.

పని చేసే క్రమం

1. ముందుగా బ్యాటరీ మైనస్ తీసేయాలి. ప్లస్ విప్పుతున్నప్పుడు స్పానరు బాడీకి తగిలినా అప్పుడు ప్రమాదం ఉండదు. తిరిగి తగిలించేటప్పుడు మైనస్ చివరన పెట్టాలి.
2. ఇంజన్ గది నుంచి తీగ లోపలికి వచ్చే రంధ్రానికి రబ్బరు గ్రామెట్ తప్పనిసరి.
3. ఎర్తు తీగ పవర్ తీగంత లావు ఉండాలి, పొట్టిగా ఉండాలి. బాడీ మీద పెయింటు గీకి, మెరిసే ఇనుముకే బోల్టు బిగించాలి. ఎర్తు సరిగా లేకపోతే ఇంజన్ వేగంతో పాటు పెరిగే ‘కుయ్’ శబ్దం స్పీకర్లలో వస్తుంది.
4. స్టీరియో నుంచి వచ్చే సన్నని రిమోట్ తీగ యాంప్లిఫయర్‌ను ఆన్, ఆఫ్ చేస్తుంది. దీన్ని నేరుగా బ్యాటరీకి కలిపితే రాత్రంతా యాంప్లిఫయర్ ఆన్‌లోనే ఉండి, తెల్లారేసరికి బండి స్టార్టు కాకపోవచ్చు.
5. పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ తీగలు ఒక పక్క, పవర్ తీగ మరో పక్క వెళ్ళాలి.
6. రెండు సబ్‌వూఫర్లుంటే ప్లస్, మైనస్‌లు తారుమారు కాకూడదు. ఒక కోన్ ముందుకు, ఇంకొకటి వెనక్కు కదిలితే రెండు తరంగాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అనుమానముంటే యాంప్లిఫయర్ తీగలు తీసేసి 1.5 వోల్టుల సెల్‌తో ఒక్క క్షణం తాకించి చూడండి. ప్లస్‌కు ప్లస్ తాకితే కోన్ బయటికి రావాలి.

‘గెయిన్’ అన్న మర వాల్యూమ్ కాదు. స్టీరియో సిగ్నల్‌కు, యాంప్లిఫయర్‌కు పొత్తు కుదిర్చేది. పూర్తిగా తిప్పితే శబ్దం చీలి కాయిల్ మాడుతుంది. సామర్థ్యాన్ని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 500 వాట్లు, 2 ఓమ్‌లు అయితే 1000 వర్గమూలం, అంటే 31.6. స్పీకరు తీసేసి, 50 హెర్ట్జ్‌ల టోన్ పెట్టి, ఏసీ వోల్టులు అంతకు మించకుండా గెయిన్ తిప్పితే చాలు. లో పాస్ ఫిల్టరును 80 హెర్ట్జ్‌ల దగ్గర పెట్టి మొదలుపెట్టండి.

చివరగా

శబ్దం మనకు ఆనందం, పక్కింటి రోగికి బాధ. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్దాన్ని కాపాడాలి. పక్కింటి పిల్లలు కూడా మనలాగే పరీక్షలకు చదువుకుంటూ ఉంటారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! షాపులో హెల్పరుకు, మెకానిక్‌కు జీతంలో తేడా ఉంటుంది. చేతి పనితనం ఇద్దరికీ ఉండవచ్చు, లెక్క తెలిసినవాడి మాట మాత్రం యజమాని కూడా వింటాడు. ఆ లెక్క మీ ట్రంకు పెట్టెలోని పాఠ్యపుస్తకంలోనే ఉంది. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకాన్ని పాత కాగితాల వాడికి వేయకండి. వెంట తీసుకువెళ్ళండి.