ఊరి పేరే నేరమైన చోట

వేటపాలెంలో ఉత్తరం వైపు వెళ్లే రైలెక్కితే, చీరాల దాటాక బాపట్లకు ముందే స్టువర్టుపురం వస్తుంది. 1991లో రెండు సినిమాలు ఆ పేరును టైటిల్లో పెట్టుకున్నాయి. చూసినవాళ్లకు దొంగలు గుర్తుండిపోయారు. ఊరు ఎలా పుట్టిందో ఎవరూ అడగలేదు.

దాన్ని కట్టించింది సర్కారే. 1910లలో మద్రాసు ప్రభుత్వం ఎరుకల కుటుంబాలను తెచ్చి ఇక్కడ సెటిల్‌మెంట్ పెట్టింది. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీది, పేరు హెరాల్డ్ స్టువర్ట్ దొరది. అంతకుముందు ఎరుకలు గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా అమ్ముకునేవాళ్లు. ఉప్పు చట్టాలు, రైళ్లు కలిసి ఆ బేరాన్ని మింగేశాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాళ్లు పోలీసుల కంటికి దొంగల్లా కనిపించారు.

1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో ఇంకా బిగించారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటించాక, అది చెల్లదని ఏ కోర్టులోనూ వాదించడానికి వీల్లేదు. ఎంత గొప్ప ప్లీడరును పెట్టుకున్నా నోరు పెగలని చట్టమది! కొన్ని నేరాల్లో మూడోసారి శిక్ష పడితే యావజ్జీవ ద్వీపాంతరమే.

విడ్డూరమేమిటంటే, మొదటి తెగల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1872లో, వచ్చిన సాక్ష్య చట్టం పూర్తిగా వేరే మాట చెప్పింది. తాను మంచివాడినని ముద్దాయి రుజువు చూపబోతే తప్ప, అతని చెడ్డపేరును కేసులోకి లాగకూడదు. పోలీసుల ముందు ఒప్పుకున్నది ఒప్పుకోలు కాదు. ఈ చట్టం రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెనే తెగల చట్టం వచ్చిననాడూ వైస్రాయి కౌన్సిల్లో న్యాయ సభ్యుడు. కోర్టులో పనికిరాని చెడ్డపేరు ఠాణాలో మాత్రం సరిపోయింది.

తెగల చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు స్టువర్టుపురంలో పునరావాసం కోసం పనిచేశారు. కానీ తెగ అన్న మాట పోయిన చోట ‘అలవాటు నేరస్థుడు’ వచ్చి కూర్చున్నాడు; ఆంధ్రప్రదేశ్ 1962లో అతనికీ ఓ చట్టం చేసింది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న నాగరిక్ సురక్షా సంహిత అలాంటివాళ్లను అరెస్టు చేసేటప్పుడు బేడీలు వేయవచ్చంటోంది. బేడీలు మామూలు పద్ధతి కాకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది మరి.

అదే కోర్టు 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో జైళ్లలో కులం కాలమ్ తీసేయమంది. జైలు మాన్యువళ్లలో అలవాటు నేరస్థుడంటే రాష్ట్ర చట్టం నిర్వచించినవాడే కావాలంది. తెగల చట్టం రద్దుతో ఆ ముద్ర తొలగిన విముక్త జాతులవారిని ఇష్టారాజ్యంగా అరెస్టు చేయవద్దనీ పోలీసులను హెచ్చరించింది.

కాబట్టి బెయిలు వాదనల్లో ‘పాత నేరస్థుడండీ’ అని అవతలివాళ్లు అన్నప్పుడు డిఫెన్సు లాయరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎన్ని కేసులు పెట్టారని కాదు, ఎన్నింటిలో శిక్ష పడిందని. లాయరును పెట్టుకునే స్తోమతు లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇవ్వాలి. అరెస్టయిన 24 గంటల్లో, ప్రయాణ సమయం పోను, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఈ హక్కులకు ముద్దాయిది ఏ ఊరన్న షరతు లేదు.