తాడిచెట్టు క్రింది పాలు

తాడిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురని లోకోక్తి. ఈ మాట పుట్టించినవాడు తెల్లవారుజామున తాటితోపునకు పోయి యుండడు. ఆ వేళ చెట్టు దిగివచ్చు కుండలో నుండునది నిజముగా పాలవంటి సాధువస్తువే. దాని పేరు నీరా. ప్రొద్దెక్కిన పిమ్మట అదియే పులిసి కల్లగును. కల్లును కాచి ఆవిరిని చల్లార్చి పట్టినచో సారా యగును. ఒకే రసము మూడు పేరులు ధరించుటకు నడుమ కావలసినది కొన్ని గంటల కాలమును, కొంత నిప్పును మాత్రమే.

ధవళేశ్వరమునకు చేరువనున్న కడియము మొక్కలకును, పూలకును పేరొందినది. 1852లో ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన సీమ యిది. కడియపులంక తోటలలో అలంకారపు తాళజాతులు సంచులలో పెరిగి నగరములకు తరలిపోవుచున్నవి. మన తాడి మాత్రము సంచిలో ఇముడదు. దాని టెంక మొలకెత్తినపుడు మొలక పైకి రాక ముందుగా నేలలోనికి దిగును. గోదావరి వారు కాల్చియు, ఉడికించియు మక్కువతో తిను తేగ యిదియే. అంత లోతునకు దిగినదానిని పెల్లగించి వేరొకచోట నాటుట కష్టము. నాటినను గీతకు వచ్చుటకు పండ్రెండు, పదునైదేండ్లకు తక్కువ పట్టదు. అందువలన కూలిన తాడి స్థానమున క్రొత్తది నాటువారు అరుదు.

పోతుచెట్టు పూగెలనుండియు, పెంటిచెట్టు కాయగెలనుండియు రసము తీయవచ్చును. గీతవాడు మోకు సాయమున పైకెక్కి, గెలను కర్రలతో మెల్లగా నొక్కి, కట్టి, కొనను పలుచగా చెక్కి, క్రింద లొట్టి కట్టును. ఉదయము, సాయంకాలము చెక్కుచుండవలెను. లేకున్న గాయము ఎండి ధార ఆగిపోవును. ఇంతవరకు కల్లునకును, నీరాకును భేదము లేదు. భేదమంతయు లొట్టి లోపల నున్నది. రసములో నూటికి పది పండ్రెండు పాళ్ళు చక్కెర యుండును. గాలిలోని సూక్ష్మజీవులు దానిపై వ్రాలి చక్కెరను మద్యముగా మార్చును. లొట్టి లోపలి గోడకు సున్నము పూసినచో వాటి పని సాగదు. సున్నము తక్కువైన రసము పులియును, ఎక్కువైన నాలుక పొక్కును. ఆ పాలు తెలియుట అనుభవమువలననే.

నీరాను సూర్యోదయమునకు ముందే దింపి, పలుచని గుడ్డతో వడగట్టి, వెంటనే త్రాగవలెను. మంచుగడ్డలలో నుంచిన కొంత నిలుచును గాని, పులియుట మందగించునే తప్ప మానదు. దానిలో పంచదారయో, నిమ్మరసమో కలుపువారు రుచి ఎరుగనివారు. తాటాకు దొప్పలో త్రాగినచో ఆకు వాసన కూడ తోడగును. నురుగు కట్టి పులివాసన వేసినచో అది నీరా కాదు.

పాశ్చాత్యుల జిన్ను కూడ ఈ విద్యకు చెందినదే. ధాన్యమును పులియబెట్టి, కాచి తీసిన మద్యమునకు జూనిపరు కాయలు, ధనియాలు మున్నగునవి చేర్చి మరల కాచుదురు. మద్యము 78 డిగ్రీల వేడిమికే ఆవిరి యగును. నీటికి 100 కావలెను. ఆ తేడాయే బట్టీ రహస్యము. ‘అరక్’ అను అరబ్బీ పదమునకు చెమట యని అర్థము. గొట్టపు కొనను చుక్కలు కట్టుట చూచినవారికి ఆ పేరు ఎంత తగినదో తెలియును. లండను పేదలను జిన్ను క్రుంగదీయగా 1751లో దానిని అదుపుచేయుటకు చట్టము చేసిరి. మన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాపై తిరుగబడిరి. 1993లో సారా నిషేధింపబడినది.

అయితే సారాను తిట్టునోటనే చెట్టునెక్కువానిని తిట్టుట న్యాయము కాదు. 1954లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధపు వివాదమున ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. గీతవృత్తివారి జీవనము నాటి ప్రధాన ప్రశ్నలలో నొకటి. ఆ పక్షమున గౌతు లచ్చన్నగారు నిలిచిరి. నేడు రంపచోడవరము చేరువ పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానమున తాడిపైనను, నీరాపైనను పరిశోధన జరుగుచున్నది. హైదరాబాదులో హుస్సేన్ సాగరు తీరమున 2023లో నీరా విక్రయశాల తెరువబడినది. మంచిదే. కాని సూర్యోదయమునకు ముందు లొట్టి దిగవలెనన్న గీతవాడు చీకటిలోనే ఎక్కవలెను. మంచుకు తడిసిన మాను జారును. కల్లు దింపువానికి వెలుగు వచ్చువరకు ఆగు వీలుండవచ్చును. నీరా దింపువానికి ఆ వీలును లేదు. దొప్పెడు నీరాకు ధర కట్టువారు ఈ చీకటిని ఇంకను లెక్కలోనికి తీసికొనవలసి యున్నది.