సూట్‌కేసులో ఆవకాయ, సర్వర్లో లాగ్‌ఫోర్‌జె

హైదరాబాదు నుంచి తిరిగి వచ్చేటప్పుడు మన సూట్‌కేసుల సంగతి మీకు తెలిసిందే. న్యూజెర్సీలో అడుగుకో ఇండియన్ స్టోరు ఉన్నా, అత్తగారు కట్టిచ్చిన ఆవకాయ, కందిపొడి ఎవరివి వాళ్లం మోసుకొస్తాం. ఈనాటి వెబ్ అప్లికేషన్లదీ అచ్చం ఇదే వరస. కావలసిన లైబ్రరీలన్నీ తమతోనే తెచ్చుకుంటాయి.

లైనక్స్ పద్ధతి వేరు. 1993లో మొదలైన డెబియన్‌నే తీసుకోండి. అదొక ఉమ్మడి వంటిల్లు. ఉప్పు డబ్బా ఒక్కటే, అందరూ అందులోంచే వేసుకోవాలి. 2014 ఏప్రిల్లో ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, ఆ ఒక్క ప్యాకేజీ మార్చి సర్వీసులు రీస్టార్ట్ చేస్తే కన్నం పూడిపోయింది. (తాళాలు మార్చుకోవడం వేరే తలనొప్పి, అది వదిలేద్దాం.)

మరి వెబ్ అప్లికేషన్లని కూడా ఈ వంటింట్లోకి తేవచ్చుగా అంటారా? గిట్‌ల్యాబ్ విషయంలో డెబియన్ వాలంటీర్లు ఆ పనే చేశారు. రూబీలో రాసిన ఆ అప్లికేషన్‌కి కావలసిన చిన్నా పెద్దా లైబ్రరీలు వందల్లో ఉంటాయి. ఒక్కొక్కదానికీ విడిగా ప్యాకేజీ కట్టాలి, లైసెన్సు చూడాలి, సోర్సు నుంచి బిల్డ్ చెయ్యాలి. బిల్డ్ అవుతున్నంతసేపూ ఇంటర్నెట్ ముట్టుకోకూడదు, మడి అన్నమాట! కుదించేసిన జావాస్క్రిప్టు ఫైలు పెడితే "ఇది సోర్సు కాదు" అంటారు. ఇంతా చేశాక ఒక ప్రోగ్రాముకి ఐదో వెర్షనే కావాలి, ఇంకోదానికి ఆరోదే కావాలి. ఉన్నదేమో ఒకటే డబ్బా. 2017 నాటి డెబియన్ 9లో గిట్‌ల్యాబ్ చేరింది, 2019 నాటి డెబియన్ 10లో లేదు. నెలనెలా కొత్త వెర్షన్ విడుదలయ్యే సరుక్కీ, సుమారు రెండేళ్లకోసారి వచ్చే డెబియన్‌కీ జాతకాలు కుదరలేదు.

నేనూ తక్కువ తినలేదు. అప్లికేషన్ని లైబ్రరీలతో సహా ఒక కంటైనర్లో పెట్టి, క్లయింటుకిచ్చి చేతులు దులుపుకున్నవాణ్ణే.

2021 డిసెంబరు 10, శుక్రవారం. మా అమ్మాయి కూచిపూడి ప్రోగ్రాముకి బయల్దేరుతుంటే ఫోను. జావా ప్రోగ్రాములు తమ చిట్టా రాసుకోవడానికి వాడే లాగ్‌ఫోర్‌జెలో లోపమట. ఒక చిన్న వాక్యం పంపి, ఎవడైనా మన సర్వర్లో తన కోడు నడిపించుకోవచ్చట. డెబియన్ ప్యాకేజీగా ఉన్న కాపీకైతే ఒక్క అప్‌డేటు చాలు. మా క్లయింటు దగ్గరున్నవి అలాంటివి కావు. జార్ ఫైలు విప్పితే లోపల ఇంకో జార్, దాని లోపల మరోటి. ఏ సూట్‌కేసులో ఏ సీసా ఉందో రాసిపెట్టిన కాగితమే లేదు. ఆదివారం రాత్రి దాకా విప్పుతూనే ఉన్నాం. 12 కాపీలు తేలాయి. ఆఖరిది ఎక్కడ దొరికిందనుకున్నారు? మూడేళ్ల క్రితం నేనే పెట్టిన రిపోర్టుల అప్లికేషన్లో!

హమ్మయ్య అనుకునే లోపే 2.15 సవరణ చాలదన్నారు. 2.16 వచ్చింది, వెంటనే 2.17. అవే సూట్‌కేసులు మళ్లీ రెండుసార్లు విప్పాం. అమ్మాయి డాన్సు వీడియోలోనే చూశాను.