రూపాయల్లో పింఛను, శాతాల్లో పన్ను

ఉద్యోగుల పింఛను పథకాన్ని జనం ఈపీఎస్-95 అని పిలుస్తారు. దీని కింద కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. 2014 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన ఈ మొత్తం 2025 ముగిసేదాకా పైసా పెరగలేదు. ఈ పదకొండేళ్లలో వినియోగ ధరల సూచీ అరవై శాతానికి పైగా పెరిగింది. అంటే నాటి వెయ్యి రూపాయలకు ఇవాళ వచ్చేది ఆరువందల చిల్లర సరుకే. బీపీ, షుగరు మాత్రలకు కూడా సరిగా చాలని ఈ డబ్బు కోసం బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకోవాలి. బీడీ కార్మికుల చుట్టి చుట్టి అరిగిపోయిన వేళ్ల ముద్రలు యంత్రంలో పడవు. దాంతో తాము బతికున్నట్టు రుజువు చేసుకోవడమే వారికి ఒక పనవుతుంది.

పింఛనుదారుల్లో రగులుతున్న అసంతృప్తి అర్థం కావాలంటే లెక్క ఎలా కడతారో తెలియాలి. ఈ పథకం 1995 నవంబరు 16న మొదలైంది. పీఎఫ్ కింద ఉద్యోగి జీతంలోంచి కోసే 12 శాతం మొత్తం అతని పీఎఫ్ ఖాతాకే వెళుతుంది, పింఛను నిధికి అందులోంచి ఏమీ పోదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం పింఛను నిధికి, మిగిలింది పీఎఫ్‌కు జమ అవుతుంది. కేంద్ర ప్రభుత్వం మరో 1.16 శాతం కలుపుతుంది. అసలు మెలిక జీతం పరిమితిలో ఉంది. పింఛనుకు లెక్కలోకి వచ్చే జీతం 2001 నుంచి 6,500 రూపాయలు, 2014 నుంచి 15,000. పాత సభ్యుడి జీతం 40,000 అయినా సాధారణంగా ఆయన తరఫున నిధికి చేరేది 15,000 మీద 8.33 శాతమే, అంటే నెలకు 1,250 రూపాయలు.

పింఛను లెక్క చూడ్డానికి చిన్నది. జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేసి 70తో భాగిస్తారు. 15,000 పరిమితి మీద 35 ఏళ్లు పనిచేసినవారికి వచ్చేది 7,500. ఇరవై ఏళ్లు దాటినవారికి రెండేళ్ల సర్వీసు అదనంగా కలుపుతారు కాబట్టి ఇంకొంచెం పెరుగుతుంది. ఇది దాదాపు గరిష్ఠం. తక్కువ జీతాలున్న రోజుల్లో చేరినవారికి, మధ్యలో ఉద్యోగం పోయినవారికి, 58 ఏళ్లు నిండకముందే పింఛను తీసుకున్నవారికి వచ్చేది ఇందులో ఏ మూలకో సరిపోతుంది. ముందుగా తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున కోత. 2014కు ముందు చివరి 12 నెలల సగటు జీతాన్ని లెక్కించేవారు. ఆ తర్వాత దాన్ని 60 నెలల సగటుగా మార్చారు, దాంతో మరికొంత తగ్గింది. అన్నిటికంటే బాధపెట్టేది, ఇందులో కరవు భత్యం లేకపోవడం. రిటైరైన రోజు ఎంత వచ్చిందో తొంభయ్యో ఏటా అంతే వస్తుంది. ఆర్టీసీ కండక్టర్లు, చక్కెర కర్మాగారాల కార్మికులు, సహకార సంఘాల గుమస్తాలు, ప్రైవేటు బడుల టీచర్లు ఈ లెక్కలోనే ఉన్నారు. దేశం మొత్తమ్మీద ఈ పింఛనుదారులు దాదాపు 78 లక్షల మంది.

భగత్‌సింగ్ కోశ్యారీ అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ కనీస పింఛనును 3,000 చేయాలని 2013లోనే సిఫార్సు చేసింది. మరుసటి ఏడాది వచ్చింది వెయ్యి. ఇప్పుడు పింఛనుదారులు కోరేది 7,500 కనీస పింఛను, దాని మీద కరవు భత్యం, దంపతులిద్దరికీ ఉచిత వైద్యం. మహారాష్ట్రలోని బుల్ఢాణాలో 2018 డిసెంబరులో మొదలుపెట్టిన రిలే నిరాహార దీక్ష ఏళ్ల తరబడి సాగింది. ఎక్కువ జీతం మీద పింఛను కోరుకునే వీలుపై 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దానివల్ల కొందరికి దారి తెరుచుకుంది గానీ వెయ్యి రూపాయలవారికి ఒరిగిందేమీ లేదు. నిధిలో లోటు ఉందని, వచ్చే చందాలకు మించి ఇవ్వడం కుదరదని ప్రభుత్వం చెబుతోంది. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే చందాలు పెరగకుండా జీతం పరిమితిని పదకొండేళ్లు 15,000 దగ్గరే ఉంచింది కూడా ప్రభుత్వమే.

పీఎఫ్ ఊసే లేని కూలీలు, కౌలు రైతుల సంగతి వేరు. పేద వృద్ధులకు కేంద్రం 1995 ఆగస్టు 15న జాతీయ పింఛను మొదలుపెట్టింది. అప్పుడది నెలకు 75 రూపాయలు, తర్వాత 200 అయింది. 2011లో అర్హత వయసును 65 నుంచి 60కి తగ్గించి, 80 దాటినవారికి 500 చేశారు. ఎనభై లోపువారికి కేంద్రం ఇచ్చే వాటా ఇప్పటికీ ఆ 200 రూపాయలే. రోజుకు ఏడు రూపాయలు కూడా పడని ఆ సొమ్మును పింఛను అనడానికి నోరు రావాలి.

ఆ లోటును పూడ్చుకొస్తున్నవి రాష్ట్రాలు. ఇందులో తెలుగు రాష్ట్రాలది ముందు వరుస, కారణం ఎన్నికలే. ఉమ్మడి రాష్ట్రంలో 200 ఉన్న పింఛను విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ వెయ్యి అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జనవరిలో 2,000కు చేరి, తర్వాత 2,250, 2,500, 2,750 మీదుగా 2024 జనవరికి 3,000 అయింది. అదే ఏడాది జులై 1న 4,000కు పెరిగింది. ఏప్రిల్ నుంచి బకాయిలు కలిపి ఆ రోజు ఒక్కో వృద్ధుడి చేతిలో 7,000 పెట్టారు. సుమారు 64 లక్షల మందికి నెలకు దాదాపు 2,700 కోట్లు ఖర్చవుతున్నాయి. తెలంగాణలో ఆసరా పింఛను 2019 నుంచి 2,016 రూపాయలు. దాన్ని 4,000 చేస్తామన్న మాట 2023 ఎన్నికల్లో బలంగా వినిపించింది. కొత్త ప్రభుత్వం వచ్చి ఏడాదిన్నర గడిచినా వృద్ధుల చేతికి వచ్చింది 2,016 మాత్రమే. పింఛను ఎప్పుడు పెరుగుతుందో ధరల సూచీ చెప్పదు, ఎన్నికల తేదీ చెబుతుంది.

కోత ఎప్పుడూ రూపాయలు తగ్గించే రూపంలోనే రాదు. జాబితాలో పేరు తీసేయడమూ కోతే. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగ పింఛన్లను 2025లో మళ్లీ తనిఖీ చేశారు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్లలో దొంగవి ఉన్నాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అలాంటివి ఉన్నమాట నిజమే. కానీ ఆగస్టులో వేలాది మందికి నోటీసులు వెళ్లేసరికి, నడవలేని మనిషిని మంచం మీద మోసుకొచ్చి కలెక్టరేట్ ముందు పెట్టిన దృశ్యాలు కనిపించాయి. చివరికి అప్పీలు చేసుకునే అవకాశం ఇచ్చి, అంతవరకు పింఛను ఆపబోమని ప్రభుత్వం ప్రకటించింది.

రైలు టికెట్టు రాయితీ పోయిన తీరు మరోరకం. 60 ఏళ్లు దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన స్త్రీలకు 50 శాతం ఉండే రాయితీని కొవిడ్ పేరుతో 2020 మార్చి 20న ఆపేశారు. కొవిడ్ వెళ్లిపోయింది, రాయితీ తిరిగి రాలేదు. ప్రయాణికులందరికీ టికెట్టు మీద సగటున 46 శాతం రాయితీ ఇస్తూనే ఉన్నామని రైల్వే శాఖ సమాధానం. కనీసం స్లీపర్, థర్డ్ ఏసీలలోనైనా పునరుద్ధరించాలని పార్లమెంటు స్థాయీ సంఘం కోరినా కదలిక లేదు.

ఇక పన్నుల వైపు చూస్తే, ఆగ్రహం రెండు దిక్కుల నుంచి వస్తుంది. పన్ను కట్టేది తాము, తినేది పింఛన్లవాళ్లు అని మధ్యతరగతి ఉద్యోగి విసుక్కుంటాడు. ఇందులో సగమే నిజం. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు జనాభాలో కొద్దిమందే. కానీ 2017 జులై 1న వచ్చిన జీఎస్టీకి పేదా పెద్దా తేడా లేదు. సబ్బు కొన్న ముసలమ్మా పన్ను కడుతుంది. సరుకు ధర పెరిగినప్పుడల్లా శాతం మారకపోయినా ఆమె కట్టే పన్ను పెరుగుతుంది. పింఛను మాత్రం రూపాయల్లో గడ్డకట్టి ఉంటుంది. అన్యాయం జరుగుతోందన్న భావనకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

2022 జులై 18 నుంచి 25 కిలోల లోపు ప్యాకింగు బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. వెంటనే మన కిరాణా కొట్లలో 26 కిలోల బస్తాలు వెలిశాయి. జనానికి నచ్చని పన్నుకు మార్కెట్టు కనిపెట్టిన విరుగుడు అది. ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం పన్ను ఎక్కువగా పిండింది వయసు మళ్లినవారినే, ఎందుకంటే వయసుతోపాటు ప్రీమియం పెరుగుతుంది. ఆ పన్నును తీసేయమంటూ 2024లో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీయే ఆర్థిక మంత్రికి లేఖ రాశారు. వ్యక్తిగత పాలసీల మీద అది 2025 సెప్టెంబరు 22న పోయింది.

ఆదాయపు పన్నులో వృద్ధులకు దక్కిన ప్రత్యేకత కూడా పలచబడింది. పాత విధానంలో 60 దాటినవారికి 3 లక్షల వరకు, 80 దాటినవారికి 5 లక్షల వరకు పన్ను లేదు. కొత్త విధానంలో వయసును బట్టి తేడా లేదు. పన్నెండు లక్షల దాకా పన్ను పడకుండా 2025లో ఇచ్చిన రిబేటు వల్ల చాలామందికి మేలే జరిగింది. కానీ రెండింట్లో ఏది ఎంచుకోవాలన్నది డెబ్బై ఏళ్ల మనిషి ఆడిటరును అడగాల్సిన ప్రశ్నగా మారింది.

జనం ఎదురుతిరిగితే పన్ను పోయిన సందర్భం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. 2021లో పట్టణాల్లో ఇంటింటి చెత్త సేకరణకు నెలకు 120 రూపాయల దాకా వసూలు మొదలుపెట్టారు. అధికారుల కాగితాల్లో అది వినియోగ రుసుము, వీధిలో అది చెత్త పన్ను. ఆ పేరే దాని కొంప ముంచింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు దాని రద్దును ప్రకటించారు.

బ్రిటన్‌లోనూ ఇలాంటిదే జరిగింది. చలికాలంలో వృద్ధులకిచ్చే ఇంధన భత్యాన్ని అతి పేదలకే పరిమితం చేస్తామని 2024 జులైలో కొత్త ప్రభుత్వం ప్రకటించింది. కోటి మంది నష్టపోయారు. ఆగ్రహం చల్లారక 2025 జూన్‌లో ఏడాది ఆదాయం 35,000 పౌండ్ల లోపు ఉన్నవారందరికీ తిరిగి ఇవ్వక తప్పలేదు. అయితే అక్కడి ప్రభుత్వ పింఛను ఏటా ధరలు, వేతనాలు, రెండున్నర శాతం అనే మూడింటిలో ఏది ఎక్కువైతే దాని ప్రకారం పెరుగుతుంది. పన్ను మినహాయింపు పరిమితిని మాత్రం 2021 నుంచి 12,570 పౌండ్ల దగ్గరే నిలిపేశారు. దాంతో పింఛను పెరిగేకొద్దీ పన్ను గీత దగ్గరకు చేరుతోంది. ఒకచోట పింఛను కదలదు, ఇంకోచోట గీత కదలదు. ఖజానాకు రెండూ ఒకటే.

పింఛనును ధరలకు ముడిపెట్టడం మన దేశానికి కొత్తేమీ కాదు. పాత పద్ధతిలో రిటైరైన ప్రభుత్వోద్యోగులకు కరవు భత్యం ఉంది. 2025 ఏప్రిల్ 1న వచ్చిన ఏకీకృత పింఛను పథకంలోనూ ఆ ఏర్పాటు ఉంది. పార్లమెంటు సభ్యుల జీతాలను ఐదేళ్లకోసారి ధరల సూచీ ప్రకారం పెంచేలా 2018లో చట్టం మార్చుకున్నారు. ఆ లెక్కన 2025 మార్చిలో మాజీ ఎంపీల పింఛను 25,000 నుంచి 31,000 అయింది, అదీ 2023 ఏప్రిల్ నుంచి బకాయిలతో. ఈపీఎస్-95 వెయ్యికీ, జాతీయ పింఛను 200కూ అలాంటి సూచీ ఏదీ లేదు.