తీసేశాం సరే... ఎక్కడికి పోయింది?

*తిండిలో సీసం, నీళ్లలో ఆర్సెనిక్, పైరులో కాడ్మియం. భార లోహాలను కొలవడం ఎలా, వదిలించుకోవడం ఎలా?*

2020 డిసెంబరు 5, శనివారం. ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి కూలబడిపోవడం మొదలైంది. కొందరికి ఫిట్స్, కొందరికి నోట నురగ. చిన్నా పెద్దా తేడా లేదు. కొద్ది రోజుల్లోనే ఆరొందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. చాలామంది ఒక పూటకో, ఒక రోజుకో తేరుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. అసలే కరోనా కాలం. ఏం జరిగిందో తెలియక ఊరు వణికిపోయింది.

రక్త నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కు వెళ్లాయి. వాటిలో సీసం, నికెల్ ఉన్నాయని కబురొచ్చింది. ఇక ఎక్కడ చూసినా సీసం మాటే. పాలలోంచి వచ్చిందా, కుళాయి నీళ్లలోంచా, పారేసిన బ్యాటరీల్లోంచా?

ఈ కథలో ఒక చిక్కు ఉంది. సీసం విషం ఇలా వచ్చి అలా పోయే రకం కాదు. రక్తంలో చేరిన సీసం సగానికి తగ్గడానికే సుమారు నెల పడుతుంది. ఎముకల్లోకి వెళ్లిందా, దశాబ్దాల పాటు తిష్ఠ వేస్తుంది. ఏలూరు రోగులేమో పొద్దున పడిపోయి సాయంత్రానికి లేచి కూర్చున్నారు. చివరికి డిసెంబరు 16న, ఎయిమ్స్ నివేదికను, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి నివేదికను బట్టి, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ప్రభుత్వం చెప్పింది.

మరి రక్తంలో కనిపించిన సీసం? అదే ఏడాది యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు ఒక నివేదిక తెచ్చాయి. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి సీసం ఉందని లెక్కగట్టాయి. మన దేశంలోనే అలాంటి పిల్లలు 27.5 కోట్ల మంది. అంటే ఏ ఊళ్లో నలుగురి రక్తం తీసినా సీసం కనబడే రోజులివి. కనబడిందన్న ఒక్క మాటతో ఏదీ తేలదు. ఎంత ఉంది, జబ్బు పడని పక్కింటివాళ్లలో ఎంత ఉంది, ఎటునుంచి వచ్చింది అని చూస్తేనే అది సమాచారం అవుతుంది.

వచ్చినదాన్ని వదిలించుకోవడం ఇంకా పెద్ద పని. కూరగాయల చెత్త కుళ్లిపోతుంది. సూక్ష్మజీవి మరిగిస్తే చస్తుంది. పురుగుమందు కూడా ఎప్పటికో ఒకప్పటికి విరిగిపోతుంది. లోహం మూలకం. కాల్చినా, మరిగించినా, పాతిపెట్టినా అది అదే. చోటు మారుతుంది, రూపం మారుతుంది, అంతే. అందుకే లోహాన్ని తొలగించామని ఎవరు చెప్పినా, వాళ్లు ఫిల్టర్ అమ్మేవాళ్లు కానీ, కర్మాగారం వాళ్లు కానీ, సర్కారు కానీ, వెంటనే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎక్కడికి పంపారు?

ట్యాంకరుకు చిటికెడు

తాగే నీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దులు చూడండి. లీటరుకు సీసం 0.01 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01, కాడ్మియం 0.003, పాదరసం 0.001. వేసవిలో వీధిలోకి వచ్చే పది వేల లీటర్ల ట్యాంకరునే తీసుకుందాం. అన్ని నీళ్లలో 100 మిల్లీగ్రాముల సీసం, అంటే చిటికెడు కూడా లేనంత, కరిగితే చాలు హద్దు చేరిపోతుంది. రంగు మారదు, వాసన రాదు, రుచి తెలియదు.

ఇంత కొంచెం కొలవాలంటే ముందు నమూనాను నైట్రిక్ ఆమ్లంలో పూర్తిగా కరిగించాలి. పాలకూరైనా, బియ్యమైనా, చేపైనా చివరికి తేటనీరులాంటి ద్రావణం కావాలి. దాన్ని ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రంలో, ఆరు వేల డిగ్రీలు దాటిన ఆర్గాన్ ప్లాస్మాలోకి పిచికారీ చేస్తారు. ఆ వేడికి అణువులన్నీ విడిపోతాయి. విడివడ్డ అయాన్లను బరువును బట్టి వేరుచేసి యంత్రం లెక్కబెడుతుంది. ఇలా కోటి వంతుల్లో, వంద కోట్ల వంతుల్లో వెతికే పనికే హైదరాబాద్ ఈసీఐఎల్ ప్రాంగణంలో భాభా అణు పరిశోధన కేంద్రానికి ప్రత్యేకంగా ఒక జాతీయ ప్రయోగశాల ఉంది.

యంత్రం ఎంత గొప్పదైనా, దానికి అందించే చేయి శుభ్రంగా లేకపోతే అంకె తప్పుతుంది. ఈ సంగతి లోకానికి తెలియజెప్పినవాడు అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్. భూమి వయసు తేల్చడానికి ఆయన ఉల్కా శకలంలోని సీసం కొలవబోయాడు. కొలిచిన ప్రతిసారీ అంకెలు ఎటో పోయేవి. చూస్తే గదిలో దుమ్ములో, గాజు సామానులో, రసాయనాల్లో అంతటా సీసమే. గాలి వడగట్టి వదిలే గదిని కట్టుకున్నాకే లెక్క కుదిరింది. భూమికి 455 కోట్ల ఏళ్లని 1956లో ప్రచురించాడు. ఆ తర్వాత ఆయనను పట్టుకున్న ప్రశ్న వేరు: ఇంత సీసం ఎక్కడి నుంచి వస్తోంది? ముఖ్యంగా పెట్రోలు నుంచి అని తేలింది. ఆ కథ చివర్లో.

కొలతలో తేడా వస్తే ఏమవుతుందో మన దేశం 2015లో మ్యాగీ నూడుల్స్ గొడవలో చూసింది. కోల్‌కతా ప్రయోగశాల 17.2 పీపీఎం (పది లక్షల్లో 17.2 వంతులు) సీసం ఉందంది. హద్దు 2.5. జూన్‌లో నిషేధం పడింది. మసాలా పొడిని విడిగా కొలవకూడదు, నూడుల్స్‌తో కలిపి తినే రూపంలో కొలవాలని కంపెనీ వాదించింది. పరీక్షలు చేసిన ప్రయోగశాలలకు తగిన గుర్తింపు లేదంటూ ఆగస్టులో బొంబాయి హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది. గుర్తింపు ఉన్న మూడు చోట్ల మళ్లీ పరీక్షించమంది. మొహాలీ, జైపూర్‌లతో పాటు మూడోది మన హైదరాబాద్‌లోనిదే. మూడూ హద్దులోపే ఉందని చెప్పాయి. నవంబరుకల్లా సరుకు మళ్లీ దుకాణాల్లోకి వచ్చింది. ఎవరు గెలిచారన్నది అలా ఉంచితే, నమ్మదగిన కొలత లేనిచోట చట్టానికి కాళ్లుండవని ఆ వ్యవహారం చూపించింది.

మొక్క చేసే పొరపాటు

మొక్కకు విషం తాగాలన్న కోరిక ఉండదు. తనకు కావాల్సినదానికి తలుపు తీస్తే, దాని వేషంలో ఇంకొకటి దూరుతుంది. వరి తన కాండం గట్టిపడటానికి నేలలోంచి సిలికాన్‌ను తెగ పీల్చుకుంటుంది. నీళ్లు నిలిచిన మడిలో ఆర్సెనిక్ ఆర్సెనైట్‌గా మారి, ఆ సిలికాన్ దారిలోనే వేళ్లలోకి వెళుతుంది. గోధుమ కంటే వరిలో ఆర్సెనిక్ ఎక్కువ కనిపించడానికి ఇదొక ప్రధాన కారణం. మన ఒంట్లోనూ ఇదే మోసం. సీసం కాల్షియం వేషంలో ఎముకల్లో చేరుతుంది.

అయితే మడిలో నీళ్లు తీసేసి ఆరుతడి పెడితే సరిపోదా? ఆర్సెనిక్ తగ్గుతుంది, నిజమే. కానీ నేల ఆరి గాలి తగిలిందంటే అందులో బిగుసుకుని ఉన్న కాడ్మియం వదులై గింజలోకి ఎక్కుతుంది. ఒకటి దిగితే మరొకటి లేస్తుంది. కాబట్టి మన నేలలో ఏముందో కొలవకుండా ఏ పద్ధతి మంచిదో చెప్పలేం.

కాడ్మియం ఎక్కిన బియ్యం ఏం చేస్తుందో జపాన్‌కు తెలుసు. తొయామా ప్రాంతంలో గని వ్యర్థాలు జింజు నదిలో కలిశాయి, నది నీళ్లు వరి మడుల్లోకి పారాయి. ఆ అన్నం తిన్న ఆడవాళ్ల ఎముకలు పెళుసెక్కి, దగ్గితే విరిగే స్థితికి వచ్చాయి. నొప్పితో వాళ్లు పెట్టే కేకే 'ఇటాయ్-ఇటాయ్' అని ఆ జబ్బుకు పేరైంది. కారణం కాడ్మియమేనని 1968లో ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ పొలాలను బాగుచేసే పని 2012 దాకా, మూడు దశాబ్దాలకు పైగా సాగింది. ఏం చేశారంటే, చెడిన పైమట్టిని లోతుకు దించి పైన మంచి మట్టి పరిచారు. కాడ్మియం ఇంకా అక్కడే ఉంది, నాగలి అందనంత లోతులో.

మన మూసీ పక్కన జరుగుతున్నది దీనికి తలకిందులు. నగరం వదిలిన మురుగు ఆకుకూరల మళ్లకూ, పాడిపశువుల గడ్డికీ పారి, తిరిగి నగరంలోకే కట్టలుగా, పాలుగా వస్తుంది. ఈ నేలల్లోంచి పాలకూర, తోటకూరల్లోకి లోహాలు ఎలా ఎక్కుతున్నాయో హైదరాబాద్ పరిశోధకులు 2008లోనే ప్రచురించారు. పండు కంటే, కాయ కంటే ఆకులో లోహం ఎక్కువ చేరుతుందన్నది ఆకుకూరలు ఇష్టంగా తినే మనం గుర్తుంచుకోవాల్సిన విషయం.

మొక్కకున్న ఈ గుణాన్నే వైద్యానికి వాడుకోవాలన్న ప్రయత్నాలూ ఉన్నాయి. ఫ్లోరిడాలో, కలపకు ఆర్సెనిక్ మందు పట్టించిన పాత స్థలంలో ఏపుగా పెరుగుతున్న ఒక ఫెర్న్‌ను లీనా మా బృందం గుర్తించి 2001లో వెల్లడించింది. దాని ఆకుల్లో ఎండు బరువులో రెండు శాతానికి పైగా ఆర్సెనిక్ చేరగలదు. న్యూ కాలెడోనియాలో ఒక చెట్టు కార్చే పాలు నీలి ఆకుపచ్చ రంగులో ఉంటాయి. ఎండితే అందులో నాలుగో వంతు దాకా నికెలే. మన పోపు డబ్బాలోని ఆవాల మొక్క కూడా సీసాన్ని పీల్చడంలో దిట్ట. వినడానికి బాగుంది. కానీ నేల శుభ్రపడటానికి ఏళ్లు పడుతుంది. కోసిన ఆకును పశువులకు వేసినా, పొయ్యిలో పెట్టినా కథ మళ్లీ మొదటికొస్తుంది. దాన్ని జాగ్రత్తగా బంధించే చోటు ఉంటేనే ఆ వైద్యానికి అర్థం.

వడగట్టిన విషం

1970లలో బెంగాల్ పల్లెల్లో చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతుంటే చేతి పంపులు వేయించారు. ఆ పంపులు భూమి అడుగున సహజంగా ఉన్న ఆర్సెనిక్‌ను పైకి తోడాయి. చర్మం మీద మచ్చలతో వస్తున్న పల్లెజనాన్ని చూసి 1983లో కోల్‌కతా వైద్యుడు కె.సి. సాహా దాని గుట్టు పట్టుకున్నారు. బంగ్లాదేశ్‌లో అది కోట్ల మందిని తాకింది.

మరిగిస్తే ఆర్సెనిక్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఇనుముకు మాత్రం దాన్ని పట్టి ఉంచే గుణం ఉంది. బంగ్లాదేశ్‌లో పుట్టిన అబుల్ హుస్సామ్ ఇనుప రజను, ఇసుకలతో చేసిన 'సోనో' ఫిల్టరుకు 2007లో పది లక్షల డాలర్ల బహుమతి వచ్చింది. మద్రాసు ఐఐటీలో టి. ప్రదీప్ బృందం తయారుచేసిన 'అమృత్' కూడా ఇనుము ఆధారంగా పనిచేసేదే. ఆర్వో యంత్రం కూడా లోహాలను బాగానే ఆపుతుంది. అయితే ఇంట్లో ఆర్వో ఒక లీటరు మంచినీళ్లు ఇస్తూ రెండు మూడు లీటర్లు సింకులోకి వదులుతుంది. ఆపిన లోహమంతా ఆ నీళ్లలోనే మురుగు కాలువకు పోతుంది. నిండిపోయిన ఫిల్టరు గుళికను కుప్పతొట్లో పడేసినా అంతే.

కర్మాగారాల లోహపు బురద చేరాల్సిన చోట్లు దుండిగల్, పరవాడలలో ఉన్నాయి. అక్కడ అడుగున పొరలు పరిచి, నీరు దిగకుండా పాతిపెడతారు. అది మాయం చేయడం కాదు, కాపలా కాయడం. లోహం విషయంలో అంతకంటే మంచి ముగింపు లేదు. ప్రమాదమల్లా బురద ఆ దారి తప్పి రాత్రిపూట వాగులో కలిసినప్పుడే.

వంటింట్లో ఏం చేయొచ్చు?

• బియ్యాన్ని ఒకటికి ఆరు నుంచి పది వంతుల నీళ్లు పోసి ఉడికించి వారిస్తే, అందులోని ఆర్సెనిక్ 40 నుంచి 60 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఎఫ్‌డీఏ చెబుతోంది. అమ్మమ్మల కాలంలో గంజి వార్చడం ఇదే. కుక్కరులో వండినా, అత్తెసరు పెట్టినా ఆ లాభం ఉండదు. కాకపోతే తగ్గినది గంజిలోకే వెళుతుంది, కొన్ని విటమిన్లు కూడా. వండే నీళ్లలోనే ఆర్సెనిక్ ఉంటే వార్చీ లాభం లేదు.

• బోరు నీళ్లు తాగేవాళ్లు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో లోహాల పరీక్ష ఒకసారి చేయించుకోవాలి. ఇంటికొచ్చి టీడీఎస్ మీటరు ముంచి చూపించేవాళ్లు సీసం ఉందో లేదో చెప్పలేరు.

• ఇత్తడి పాత్రలకు కళాయి వేయిస్తే, అది తగరమో సీసం కలిసినదో అడగండి. పులుపు వంటకాలు లోహాన్ని త్వరగా లాగుతాయి. హిండాలియం, ఇత్తడి వంటి కొన్ని దిగుమతి పాత్రల నుంచి సీసం దిగుతోందని 2025లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. పెట్టెలో కడాయి పెట్టుకుని డాలస్‌కో సియాటిల్‌కో వెళ్లేవాళ్లకు ఇది నేరుగా తగిలే మాట.

• ఇనుము, కాల్షియం తక్కువగా ఉన్న పిల్లల ఒళ్లు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. రక్తహీనత తగ్గించడం కూడా సీసం మీద పోరాటమే. సీసాన్ని బయటికి లాగే మందులు ఆసుపత్రిలో, తీవ్రమైన కేసులకు మాత్రమే వాడతారు. డీటాక్స్ రసాలు ఆ పని చేయవు.

కుళాయి కట్టేయడం

నల్గొండ ఫ్లోరైడ్ లోహం కాకపోయినా ఇక్కడ చెప్పుకోవాలి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను దించే పద్ధతికి నీరి శాస్త్రవేత్తలు 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. అది పనిచేసింది, కానీ రోజూ మనిషి కావాలి, మిగిలిన మడ్డికి చోటు కావాలి. జిల్లాకు అసలైన ఊరట కృష్ణా నీళ్లు కుళాయిల్లోకి వచ్చాకే. వడగట్టడం కంటే మూలం మార్చడమే గెలిచింది.

పెట్రోలు సంగతీ అంతే. అమెరికాలో సీసం లేని పెట్రోలు వస్తూ ఉండగా, 1970ల చివరి నుంచి 1991 లోపు జనం రక్తంలో సగటు సీసం 12.8 మైక్రోగ్రాముల నుంచి 2.8కి పడిపోయింది. ఎవరి ఒంట్లోంచీ ఎవరూ సీసం తీయలేదు, గాలిలోకి పంపడం తగ్గించారంతే. మన దేశమంతటా సీసం పెట్రోలు 2000లో ఆగింది. ప్రపంచంలో దాన్ని చివరిగా అమ్మిన అల్జీరియా 2021లో ఆపేసింది.

ఇప్పుడు ఆ వరసలో పసుపు ఉంది. 1980లలో వరదలకు తడిసి వెలవెలబోయిన కొమ్ములకు మెరుపు కోసం బంగ్లాదేశ్‌లో కొందరు పసుపుపచ్చని లెడ్ క్రోమేట్ పట్టించడం మొదలుపెట్టారు. అందులో సీసం, క్రోమియం రెండూ ఉన్నాయి. జెనా ఫోర్సిత్ బృందం 2019లో దీన్ని బయటపెట్టాక అక్కడి ఆహార భద్రతా అధికారులు ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ యంత్రం చేత్తో పట్టుకుని ఢాకా శ్యాంబజార్‌కు వెళ్లారు. కొమ్ముకు గురిపెడితే అక్కడికక్కడే అంకె వచ్చేస్తుంది. జరిమానాలు పడ్డాయి, వార్త పాకింది. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతం కల్తీ ఉండగా, 2021కల్లా అది సున్నాకు వచ్చింది. పసుపు మిల్లు కూలీల రక్తంలో సీసం 30 శాతం తగ్గింది. మరోవైపు 2024లో అచ్చైన అధ్యయనంలో పట్నా, కరాచీ, పెషావర్‌ల కొన్ని పసుపు నమూనాల్లో సీసం గ్రాముకు వెయ్యి మైక్రోగ్రాములు దాటింది. మన చట్టం ఒప్పుకునేది పది.

రంగు పట్టిన పసుపులోంచి సీసం తీసే యంత్రం ఎక్కడా లేదు. పట్టకుండా ఆపడానికి కావాల్సినవి చేతిలో ఇమిడే కొలత యంత్రం, జరిమానా రాసే అధికారి, ఫలితాన్ని అందరికీ కనిపించేలా పెట్టే బోర్డు. ఢాకాలో మొదటి రెండూ కలిసి ఒక బజారుకు వెళ్లేసరికే పని జరిగింది. నిజామాబాద్, దుగ్గిరాల యార్డుల్లో ఆ మూడూ ఉంటే, కల్తీ చేసేవాడు దొరకడం ఒక ఎత్తు, మంచి పసుపు పండించిన రైతు చేతికి దాని రుజువు అంకెల్లో అందడం ఇంకో ఎత్తు. ఆ యంత్రం ఖర్చు భరించమని యార్డు పాలకవర్గాలను రైతులే అడగాలి.